విన్ హిల్ ఎక్కాక మన కొండ గురించి నాలుగు మాటలు



చదువు కోసం ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చిన మేం ముగ్గురం సెలవు దొరికితే విన్ హిల్ ఎక్కుతాం. బామ్‌ఫర్డ్‌లో రైలు దిగితే దగ్గరే. ఎత్తు 462 మీటర్లు, మన కనుమల ముందు గుట్టకిందే లెక్క. కింద చెట్లు దాటాక పైనంతా హీదర్ పొదలే, మోకాలెత్తున ఉంటాయి. ఆగస్టులో కొండంతా ఊదారంగు పూస్తుంది. గాలి, గొర్రెల అరుపు తప్ప చప్పుడుండదు. చెక్‌పోస్టు లేదు, ఎవరు నువ్వని అడిగేవాడూ లేడు.

ఈ స్వేచ్ఛ కొట్లాడి తెచ్చుకున్నది. పైనుంచి పడమరకి చూస్తే కిండర్ స్కౌట్ అనే పెద్ద కొండ కనిపిస్తుంది. ఒకప్పుడు ఇలాంటి కొండలు చాలావరకు దొరల వేట భూములు. వాళ్లు గ్రౌస్ అనే పక్షిని వేటాడేవాళ్లు. అది తినేది హీదర్ లేత చిగుళ్లు. అందుకని పాత పొదల్ని మడులు మడులుగా తగలబెట్టి కొత్త చిగురు రప్పించేవాళ్లు. మనోళ్లు పోడు కోసం నిప్పు పెడితే మాత్రం అడవి నాశనం అన్నారు!

1932 ఏప్రిల్ 24న వందలాది మంది, ఎక్కువగా మాంచెస్టర్ యువ కార్మికులు, వద్దన్నా కిండర్ మీదికి నడిచారు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. 1951లో ఈ ప్రాంతం ఆ దేశంలో మొదటి నేషనల్ పార్కయింది. ఇలాంటి కొండల మీద కాలినడకన తిరిగే హక్కుకి చట్టం మాత్రం 2000లో గానీ రాలేదు.

కిండర్ నడకకి పదేళ్ల ముందే, 1922లో, మన మన్యం లేచింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకి అడ్డుపడింది కాబట్టి. వాళ్లకి కొండ ఆదివారం షికారు, మనకి తిండి. వాళ్లకి జైలు, మనోళ్లకి తూటాలు. ఏలింది ఒకే సామ్రాజ్యం.

ఇప్పుడు మన చేతిలో 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. మా ఊళ్లలో ఎవర్ని కదిపినా పోడు పట్టా, అంటే ఫారం-ఏ గురించే చెప్తారు. పశువుల మేపు, చింతపండు, అడ్డాకు, ఊట నీళ్లు ఉమ్మడి హక్కులు, వాటికి ఫారం-బి. ఊరి అడవిని ఊరే కాపాడుకునే హక్కుకి ఫారం-సి. పట్టా వచ్చిందని ఆగిపోతే కొండ మనది కానట్టే.

ఈసారి పండక్కి ఊరెళ్తే ఒక పని చేద్దాం. పెద్దోళ్లని వెంటబెట్టుకుని కొండ హద్దులు నడుద్దాం. ఏ దారి ఏ ఊటకి పోతుందో, ఏ రాయి దగ్గర ఏ దేవతకి మొక్కుతారో వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుందాం. రాతలో పెట్టిన పెద్దల మాట కూడా ఈ చట్టం కింద సాక్ష్యమే. దాన్ని గ్రామసభలో పెట్టి, ఫారం-సి వేశారా లేదా అడుగుదాం. వేసిన ఊళ్లవాళ్లు ఎలా వేశారో ఇక్కడ రాయండి, మిగతావాళ్లకి దారి తెలుస్తుంది.