మా ఇంట్లో డబ్బింగ్ థియేటర్

తెరమీద పెదవులు కదిపేది ఒకరైతే, మాట పలికేది వేరొకరు. సరిత, రోజారమణి ఎంతమంది నాయికలకు గొంతు అరువిచ్చారో మీకు నేను చెప్పాలా? అయితే మెదక్‌లో, రాందాస్ చౌరస్తాకు కూతవేటు దూరంలో, మా ఇంటి నడవాలో కూడా ఒక డబ్బింగ్ థియేటర్ నడిచిందంటే నమ్ముతారా? నడిచింది. 2020 సెప్టెంబర్‌లో, సరిగ్గా రెండు వారాలు!

నాయిక మా అక్క. ప్రైవేటు బడిలో సోషల్ టీచరు. కరోనా వచ్చి బళ్ళు మూసేశాక ఫోన్లో పాఠాలు మొదలయ్యాయి. జీతం సగం, పాఠాలు మాత్రం పూర్తిగా! రోజుకు నాలుగు క్లాసులు. అవి అయ్యాక తల్లిదండ్రుల ఫోన్లు.

బడిలో ఉంటే వెనక బెంచీవాడి మొహం చూసి గొంతు ఎంత పెంచాలో తెలుస్తుంది. ఫోన్లో మొహాలెక్కడివి? అన్నీ నల్లటి గళ్ళు. వాటిలోంచి ఎవడో ఒకడు "టీచర్, వినబడ్త లేదు" అంటాడు. అక్క అరుస్తుంది. లోపం సిగ్నల్‌దని తనకూ తెలుసు. అయినా అరుస్తుంది. అరిస్తే సిగ్నల్ వస్తుందా? పక్కవాటా వాళ్ళకు మాత్రం మొగల్ చరిత్ర మొత్తం వచ్చేసింది.

ఆగస్టు ఆఖర్లో గొంతు బొంగురుపోయింది. వినాయక చవితి వెళ్ళిన వారానికి సగం మాట, సగం గాలి. ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ ఒకటే భయం. పరీక్ష చేయిస్తే కరోనా లేదన్నారు. అమ్మ మిరియాల పాలు, లవంగాలు, ఉప్పునీళ్ళ పుక్కిలింత అన్నీ చేయించింది. తగ్గలేదు.

సెప్టెంబర్ 14, సోమవారం గొంతు డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాను. లోపల చూసి, స్వరతంతువులు వాచాయన్నారు. ఆడవాళ్ళు మాట్లాడుతుంటే అవి సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయట. ఇక నాలుగు క్లాసుల లెక్క మీరే వేసుకోండి. అమ్మ వైద్యం గురించి చెబితే ఆయన నవ్వారు. "మింగినవి అన్నం గొట్టంలోకి పోతాయమ్మా, ఇవి ఉండేది గాలి గొట్టంలో. నీళ్ళు బాగా తాగు, ఆవిరి పట్టు. రెండు వారాలు మాట వద్దు. గుసగుస కూడా వద్దు" అన్నారు. గుసగుస కూడా గొంతుకు శ్రమేనన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

బయటికి రాగానే అక్క నా ఫోన్ తీసుకుని అందులో రాసింది: "క్లాసు తీసుకోకపోతే ఆ సగం గూడ ఇయ్యరు తమ్మీ."

అప్పుడు ముందుకొచ్చింది మా మేనకోడలు. పన్నెండేళ్ళది. అక్క బోర్డు మీద రాస్తుంది, పటం మీద వేలు పెడుతుంది. పిల్ల ఫోన్ పక్కన కూర్చుని, అక్క రాత్రి రాసిచ్చిన పాఠం చదువుతుంది. సినిమా హాళ్ళు మార్చి నుంచి మూతపడి, రాయడానికి సినిమాలే లేని ఈ సినిమా విలేకరి కెమెరామన్! మొదటిరోజే ఒకడు పట్టేశాడు: "టీచర్, మీ గొంతు చిన్నగైంది." పిల్ల తడుముకోకుండా "నెట్ స్లో ఉందిరా" అంది. ఆ మాట స్క్రిప్టులో లేదు సుమా! పారితోషికంగా హాళ్ళు తెరవగానే మొదటి రోజు మొదటి ఆట చూపిస్తానని మాటిచ్చాను.

అక్కడ మద్రాసులో బాలుగారు ఆసుపత్రిలో ఉన్నారు. ఆగస్టు 5న చేరినప్పుడు వీడియోలో ఆయనే మాట్లాడి, కంగారు పడొద్దు, ఫోన్లు చేయొద్దు అన్నారు. తర్వాత వెంటిలేటరు. నాన్నగారు ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారని, చెప్పదలచుకున్నది రాసి చూపిస్తున్నారని చరణ్ చెప్పినప్పుడు, అక్క తన చేతిలోని పలకకేసి చాలాసేపు చూసింది.

సెప్టెంబర్ 25, శుక్రవారం. అక్క మౌనానికి పన్నెండో రోజు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వార్త వచ్చింది. రెండింటికి క్లాసు. మానేద్దామన్నాను. అక్క పలక మీద "వద్దు" అని రాసింది. పిల్ల చదువుతూనే ఉంది. అక్క మాత్రం బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్ళీ మళ్ళీ దిద్దింది. కెమెరాకు వీపే కనబడింది. ఆ రాత్రి ఏ ఛానల్ పెట్టినా ఆయన పాటలే. అక్క పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

సోమవారం డాక్టరుగారు సరే అన్నాక అక్క పలికిన మొదటి మాట: "ఏమే, అన్నం తిన్నవా?" పిల్ల బిత్తరపోయింది. ఆ గొంతు తన తల్లిది కాదు, ఎవరో పెద్దావిడది! నెల్లాళ్ళకు కొంత సర్దుకుంది, మునుపటంత కాలేదు. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చింది. గొంతుకు ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఇప్పుడు అక్క నడుముకు చిన్న స్పీకరు కట్టుకుని, చెవి దగ్గర మైకు పెట్టుకుని పాఠం చెబుతోంది. పిల్లలు వెనక "కండక్టర్ టీచర్" అంటారట.

2020 డిసెంబర్లో హాళ్ళు సగం సీట్లతో తెరుచుకున్నాయి. జబ్బు భయంతో అక్క పంపలేదు. మేనకోడలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కొత్త సినిమా పోస్టరు కనబడితే చాలు, నా జేబుకేసి చూసి "మామా, నా డబ్బింగ్ బాకీ?" అంటుంది.