పాత పడవ: ప్యాచ్ వెయ్యాలా, పారెయ్యాలా?

సెలవు కావాలంటే "సంక్రాంతికి ఇంకా టైముందిగా, ఇప్పుడెందుకు?" అన్నారు మా టీమ్‌లో. పడవ బాగుచేయించాలంటే జోకనుకున్నారు. జోకు కాదండీ బాబూ, నిజమే.

మాది మండపేట. కపిలేశ్వరపురం దగ్గర గౌతమి లంకలో మా తాతగారికి కాస్త పొలం ఉండేది. పంట ఒడ్డుకి చేర్చడానికి ఓ చిన్న తెరచాప పడవ. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం మీంచి గాలి మొదలవగానే తెరచాప ఎత్తితే ఎగువకి తీసుకుపోయేది. దిగువకి రావడానికి ప్రవాహం ఉండనే ఉంది. పొలం పోయింది, తాతగారు పోయారు. పడవ మాత్రం చాలా ఏళ్ళుగా మా పెరట్లో కొబ్బరాకుల పాక కింద బోర్లా పడుకుని ఉంది.

అంతా టేకు చెక్క. అమ్మేద్దామని నాన్నగారు. కొనేవాడు వచ్చి చూసుకుని కూడా వెళ్ళాడు. బతిమాలితే పండగ దాకా గడువిచ్చారు. డెడ్‌లైన్లు ఆఫీసులో సరిపోవన్నట్టు ఇదొకటి :-)

న్యూజెర్సీలో ఉన్న మా బావ ఫోన్లో తేల్చేశాడు: "ఒరేయ్, పైనంతా ఫైబర్‌గ్లాస్ చుట్టి ఎపాక్సీ కొట్టెయ్. వారంలో అయిపోద్ది." నాకూ బాగానే ఉందనిపించింది. తాళ్ళరేవు వైపు నుంచి వచ్చిన మేస్త్రి గారికి డెబ్బై దాటాయి. ఆయన పడవ చుట్టూ ఓసారి తిరిగి, చెక్కల మధ్య సందుల్లో వేలు పెట్టి చూసి, "ఇది పాడైపోయిందని ఎవరన్నారండీ? దాహమేసిందంతేనండి, ఆయ్" అన్నారు.

సంగతేంటంటే, నీళ్ళకి దూరమైన చెక్క ఎండి కుంచించుకుపోతుంది, సందులు తెరుచుకుంటాయి. మళ్ళీ నీళ్ళలో పడితే ఉబ్బి, చాలావరకు తనే మూసుకుంటుంది. కాబట్టి ఎండిన సందులో నార మరీ గట్టిగా కూరకూడదు. కూరితే రేపు ఉబ్బడానికి చోటుండక, చెక్క మేకుల్నే లాగేస్తుంది. వదులుగా కూరితే పడవ కారుతుంది. ఎంత కూరాలన్నది ఆయన చేతికి తెలుసు. డాక్యుమెంటేషన్ ఏమీ లేదు. ఇలా కదిలే చెక్క మీద ఫైబర్‌గ్లాస్ చుట్టేస్తే అది పగిలి ఊడొస్తుంది. చెమ్మ మధ్యలో చిక్కుకుని, పైకి మెరుస్తున్న పడవ లోపల కుళ్ళుతుంది. పైకి కొత్త యూఐ, లోపల అదే పాత బగ్గు!

దీనికి తోడు మార్గశిరం మంచు. పొద్దున్నే చూస్తే చెక్కంతా చెమ్మగా ఉంటుంది. నూనెలో కాచిన గుగ్గిలం చల్లటి చెక్క మీద పోస్తే, సందులోకి దిగకముందే గడ్డకడుతుంది. బావ చెప్పిన ఎపాక్సీకేమో చలిలో గట్టిపడటానికి మామూలు కన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. గుగ్గిలం తొందరపడుతుంది, ఎపాక్సీ బద్ధకిస్తుంది. అందుకే మా పని పది నుంచి నాలుగు దాకానే. మిగతా టైమంతా ఆయన చుట్ట, నా లాప్‌టాప్.

తాళ్ళరేవు పక్కనే కోరంగి. 1802లో అక్కడ ఓడలు బాగుచెయ్యడానికి డాకు కట్టారు. బ్రిటిష్ నౌకాదళం ఓడలు కూడా రిపేరుకి వచ్చేవి. ఆ రేవు నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువ కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అనే పేరొచ్చింది. 1839 ఉప్పెన ఆ రేవుని ఊడ్చేసింది. కానీ చేతిపని మాత్రం ఇన్నాళ్ళు నిలబడింది.

అది నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య చాలు. 2025లో మన నౌకాదళంలో చేరిన ఈ ఓడ చెక్కల్ని మేకుల్లేకుండా కొబ్బరి తాడుతో కుట్టారు. పాత ప్లాన్లేవీ దొరకలేదు, ఆధారం అజంతా గుహల్లో ఒక బొమ్మ. నమూనాని ఐఐటీ మద్రాసు పరీక్షించింది. అన్నీ చేసినా, కుట్టడానికి మాత్రం బాబు శంకరన్ నాయకత్వంలో కేరళ పనివాళ్ళే రావాల్సొచ్చింది. వాళ్ళు లేకపోతే ఆ బొమ్మ గోడ మీదే ఉండిపోయేది.

నా ఉద్దేశంలో పాతదాన్ని కాపాడటమంటే అద్దాల బీరువాలో పెట్టడం కాదు, ఆ పని తెలిసినవాడికి పని ఇవ్వడం. మేస్త్రి గారబ్బాయి హైదరాబాదులో మాడ్యులర్ కిచెన్లు చేస్తాడు. తప్పేముంది, మనమూ పొట్టకోసం ఊరొదిలినవాళ్ళమే. ఐటీఐ చదివే మనవడు మాత్రం సెలవుల్లో తాతకి సాయం వస్తున్నాడు. అతనికీ కూలి ఇస్తున్నాం. మేస్త్రి గారు అతనికి నాలుగు సందులు అప్పగించి, మూడుసార్లు పీకించి మళ్ళీ కూరించారు. అంత కఠినమైన కోడ్ రివ్యూ నేనెప్పుడూ చూళ్ళేదు!

నీళ్ళలో దింపాక ఆ నాలుగూ కారొచ్చు. కారితే ఒడ్డుకి లాగి మళ్ళీ కూరతాడు, అలాగే వస్తుంది పని. అమ్మనని నాన్నగారు ఇంకా అనలేదు. మొన్న కొనేవాడు ఫోన్ చేస్తే మాత్రం "పండగెళ్ళాక చూద్దాంలే" అన్నారు.

మీ ఇళ్ళలోనూ పడవో, మగ్గమో, ఎడ్లబండో ఓ మూల పడి ఉంటే, అమ్మేముందు ఆ పని తెలిసిన పెద్దాయన్ని పిలిచి ఒక్కసారి చూపించండి. దానికి వేసింది దాహమేనేమో.