ఏ ఊరమ్మా మీది?

సోదరీమణులారా! మన ఇండ్లలో ఆడపిల్ల ప్రయాణమై గడప దాటునప్పుడు పెద్దలు తప్పక చెప్పు మాట యొకటి కలదు: "దారిలో ఎవరితోనూ మాట్లాడకు." ఈ హితవులో జాగ్రత్త కలదు, కాదనను. కాని దానినే జన్మమంతయు పట్టుకొని కూర్చున్నచో మనము పోగొట్టుకొనునదియు స్వల్పము కాదు. మొన్న నందిగామనుండి జగ్గయ్యపేటకు పోయినప్పుడు నాకిది తెలిసివచ్చినది.

ఈ రెండు ఊళ్లును పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమలోనివి. 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. డెల్టాలోవలె ఇచ్చట ఎటు చూచినను వరి కనబడదు. ప్రత్తి, మిరప చేలు హెచ్చు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించుచున్నది. ఆనాడు నేనెక్కిన బస్సు నిండ స్త్రీలే.

నా ప్రక్కన నాకంటె పెద్దామె యొకతె కూర్చుండెను. మిరపకోతకు పోయెడి చేతులు కాబోలు, వ్రేళ్ల కొసలు ఎఱ్ఱబడి యున్నవి. "ఏ ఊరమ్మా మీది?" అని ఆమెయే మొదట పలకరించెను. తనది చందర్లపాడు దగ్గరి పల్లె యనియు, కూతురు పురిటికై పేట ఆసుపత్రిలో నున్నదనియు చెప్పెను. మా అమ్మ పోయిన పిదప పుట్టింటికి పోవుటకు మనసొప్పుట లేదని నేను చెప్పితిని. ఈ మాట అంతవరకు ఎవ్వరితోను అనియుండలేదు. మరల కలియమని తెలిసినవారియొద్ద మనసు విప్పుట సులభము గాబోలు!

అంతలో ఆమె కొంగుముడి విప్పి, ఉడకబెట్టిన వేరుసెనగకాయలు నావైపు చాపెను. నా చేయి సాగుటకు ముందే నా నోట మాట జారెను: "మీరేమిట్లు?"

ఆమె ముఖము వెలవెలబోయెను. కాయలను మెల్లగా వెనుకకు తీసికొని, "ఊరడిగారు, చెప్పాను. పిల్లల్నడిగారు, చెప్పాను. అదెందుకు లెండమ్మా," అని కిటికీవైపు తిరిగెను.

రెండు మూడు ఊళ్లు గడచినవి. సిగ్గుచే నా తల వంగినది. చదువుకొన్నదాననని గర్వపడెడి నేను తినుటకు ముందు కులమడిగితిని! తుదకు, "తప్పు నాది, అక్కా. ఆ కాయలు నాకు పెట్టు," అని దోసిలి పట్టితిని. ఆమె నన్ను తేరిపార చూచి, కొంతసేపు ఊరకుండి, దోసిలి నిండ పోసెను. చిల్లకల్లు దాటువరకు మాకు మాటలే మాటలు.

జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర దీనికి నేటి పేరిడిరి. ఊరి చెంత ధనబోడు అను దిబ్బమీద 1882లో జేమ్స్ బర్జెస్ దొర త్రవ్వించిన బౌద్ధస్తూపపు శిథిలములు కలవు. క్రీ.శ. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ యేట, సిద్ధార్థుడను శిల్పి ఇచ్చట అయిదు ఆయక స్తంభములు నిలిపి, వానిపై ప్రాకృత శాసనము వ్రాయించెను. తన ఊరు, తన పని, తండ్రి పేరు, తల్లి, భార్య, బిడ్డల పేర్లు అందు చెప్పుకొనెను. పదునేడు వందల యేండ్ల నాటి ఆ అపరిచితుడు బస్సులో మన ప్రక్కన కూర్చుండి పలకరించినట్లే యున్నది గదా!

షికాగో నగరమున నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అను పరిశోధకులు రైలు ప్రయాణికులను పరీక్షించి 2014లో ప్రకటించిన సంగతియు నాకు జ్ఞప్తికి వచ్చినది. క్రొత్తవారితో మాటాడుట కష్టమని ముందుగా అందఱు తలంచిరట. మాటాడినవారికే ప్రయాణము హాయిగా జరిగినదట.

ఆ అక్క కూతురికి ఏ బిడ్డ పుట్టెనో నాకు తెలియదు. తలంచుకొనినప్పుడెల్ల తల్లీబిడ్డలు చల్లగా నుండవలెనని కోరుకొందును.

కావున సోదరీమణులారా, ప్రయాణములో ఇంటి చిరునామా, డబ్బు సంగతి క్రొత్తవారితో చెప్పకుడు. ఊరడుగుడు, పిల్లలనడుగుడు, పంట యెట్లున్నదని యడుగుడు. ఆ ఒక్క ప్రశ్నను మాత్రము మీ గడపలోపలనైనను ఉంచుకొనక పాఱవేసి బయలుదేరుడు.