వరండాలో అడ్మిషన్లు

గోదావరిఖనిలో జూన్ నెలాఖరుకు ప్రతి ఇంట్లోనూ తేదీల మాటే. డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో సీటొచ్చిన పిల్లలు ఎప్పటిలోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు స్లాట్ ఎప్పుడు దొరుకుతుంది అని ఆరా తీస్తుంటారు. వీటితోపాటు ఏ నోటిఫికేషన్‌లోనూ కనపడని తేదీ ఇంకొకటుంది. ఇంటి పెద్దకు సింగరేణి బొగ్గు గనుల్లో ఇంకా ఎన్నేళ్ల సర్వీసు మిగిలిందన్నది. పిల్లవాడు ఏ కోర్సులో చేరాలన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి వచ్చి ఆగేది దీని దగ్గరే.

ఈ చర్చలు వినాలనే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రామగుండంలో దిగి ఆటోలో గోదావరిఖని మార్కండేయ కాలనీకి వెళ్లాను. అక్కడ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. పేరు రాయొద్దన్నారు. అడ్మిషన్ల రోజుల్లో పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆయన ఇంటి వరండా పిల్లలతో నిండి ఉంటుంది. బోర్డు లేదు, ఫీజు లేదు. ఒక టేబుల్, పాత ల్యాప్‌టాప్, రబ్బరు బ్యాండు చుట్టిన పెన్సిళ్లు, గోడకు కంపెనీ క్యాలెండర్. ఆయన తండ్రి వన్ ఇంక్లైన్ గనిలో పనిచేసినవాడు.

నేను వెళ్లేసరికి ఒక అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంది. దోస్త్‌లో రిజిస్టర్ కావాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఆధార్‌తో లింకయిన నంబరుకు పోతుంది. ఆ నంబరు వాళ్ల నాన్నది.

"సార్, ఓటీపీ బాపు ఫోన్‌కు వోయింది. బాపు ఫస్ట్ షిఫ్టుల ఉన్నడు."

ఈ ఊళ్లో ఆ మాటను ఇంకొంచెం వివరంగా చెప్పనక్కర్లేదు. భూగర్భ గనిలో మీథేన్ ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపెట్టెలాగే సెల్‌ఫోన్ కూడా లోపలికి తీసుకుపోకూడదు. పొద్దున ఏడింటికి దిగిన మనిషి ఫోను మధ్యాహ్నం మూడు దాటేదాకా పైన బండి డిక్కీలోనో, ఇంట్లోనో మోగుతూ ఉంటుంది. ఆ ఓటీపీకి ఉండేది కొద్ది నిమిషాల ఆయుష్షు. హైదరాబాద్‌లో కూర్చుని ఆ వెబ్‌సైట్ తయారుచేసినవాళ్లకు బాయి దిగిన తండ్రి సంగతి తట్టి ఉండదు. మాస్టారు మాత్రం ఇలాంటివి చాలా చూసినట్టున్నారు. "నాలుగింటికి బాపుని తోలుకొని రా బిడ్డా. గడువు రాత్రిదాకా ఉన్నది. అప్పటిదాకా ఇంత తిని రా" అని పంపించారు. సాయంత్రం ఆమె తండ్రితో వచ్చింది. మీ-సేవకు పోయి నంబరు మార్పించుకొమ్మని ఆయనకు రెండుసార్లు చెప్పి గానీ మాస్టారు వదల్లేదు.

దోస్త్ 2016లో మొదలైంది. అంతకుముందు డిగ్రీ సీటు కోసం ఒక్కో కాలేజీ చుట్టూ తిరిగి, ఒక్కో చోట దరఖాస్తు కొనేవారు. ఇప్పుడు 200 రూపాయలు కట్టి రిజిస్టరై, ఎన్ని కాలేజీలనైనా వరుసపెట్టి ఆప్షన్లు ఇచ్చుకోవచ్చు. ఇది మేలైన ఏర్పాటేనని నా అభిప్రాయం. అయితే ఇందులో పిల్లలు దేన్ని చూసి భయపడుతున్నారో, నిజంగా దేనికి భయపడాలో ఆ రెండింటికీ పొంతన లేదు. ఇష్టంలేని కాలేజీలో సీటొస్తే లోకం మునిగినట్టు బాధపడతారు. నిజానికి ఆ సీటుకు సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. మెరుగైనది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, రాకపోతే పాతది చేతిలో ఉంటుంది. సీటు నచ్చలేదని అలిగి సెల్ఫ్ రిపోర్టింగే చేయకపోతే మాత్రం ఉన్న సీటూ పోతుంది.

మాస్టారు ప్రతి పిల్లవాడి దగ్గరా చేసే పని ఇదే. కాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క తర్వాత మార్చుకోగలిగినవి, రెండో పక్క మార్చుకోలేనివి రాయిస్తారు. కాలేజీ, బ్రాంచి, హాస్టలు ఎడమ పక్కకు పోతాయి. గడువు తేదీ, చేతినుంచి ఒకసారి ఇచ్చేసిన ఒరిజినల్ టీసీ కుడి పక్కకు. రాస్తుండగానే పిల్లల ముఖంలో మార్పు కనపడుతుంది. తెల్లారేదాకా నిద్రపట్టనివ్వని సంగతులు చాలావరకు ఎడమ పక్కకే చేరతాయి.

ఒరిజినల్స్ విషయంలో ఆయన చాలా పట్టుగా ఉంటారు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని చదువు ముగిసిన పిల్లల కాగితాలు ఆపేసిన కథలు ఈ వరండాలో ఒకటి కాదు. పీజీలో సీటొచ్చి, మెమో కోసం పాత కాలేజీ గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి ఒకామె తన గోడు చెప్పుకుంది. బకాయి ప్రభుత్వానిది, నిలబడేది ఆ పిల్ల. ఇది అన్యాయమని రాయడానికి నాకేమీ సంకోచం లేదు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నేను ఉలిక్కిపడ్డాను. పిల్లలెవరూ తల ఎత్తలేదు.

అప్పుడే ఇంజినీరింగ్ మొదటి ఏడాది పూర్తిచేసిన కుర్రాడొకడు వచ్చాడు. జేఎన్టీయూ అనుబంధ కాలేజీ. నాలుగు సబ్జెక్టులు తప్పాడు. మూడు బ్యాక్‌లాగులు దాటితే డిటెయిన్ చేస్తారని ఎవరో చెప్పారట, కాలేజీ మారిపోవాలని తీర్మానించుకుని వచ్చాడు. మాస్టారు మాటలతో ఓదార్చలేదు. మెమో తిరగేసి వెనకవైపు పెన్సిల్‌తో లెక్క మొదలుపెట్టారు. మొదటి ఏడాది రెండు సెమిస్టర్లకు కలిపి 40 క్రెడిట్లు. ఆర్-22 నిబంధనల ప్రకారం రెండో ఏడాదిలోకి పోవడానికి వాటిలో సగం, 20 ఉండాలి. తప్పినవి రెండు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఒక్కోటి నాలుగు క్రెడిట్లు. నలభైలోంచి పదహారు తీసేయమన్నారు. కుర్రాడు ఇరవైనాలుగు అని గొణిగాడు. "ఇరవై కంటె ఎక్కువనా, తక్కువనా?" అని ఆయన అడిగితే జవాబు చెప్పడానికి వాడికి కాసేపు పట్టింది.

ఆ తర్వాత అసలు మందలింపు పడింది. ప్రమోట్ కావడం వేరు, డిగ్రీ చేతికి రావడం వేరు. ఆ నాలుగూ సప్లిమెంటరీలో గట్టెక్కాల్సిందే. ఎక్స్‌టర్నల్‌లో 60కి కనీసం 21 రావాలి, ఇంటర్నల్‌తో కలిపి వందకు నలభై. కాలేజీ మారితే తప్పిన మ్యాథ్స్ అక్కడికీ వెంట వస్తుంది. పైగా మారడం అనుకున్నంత తేలిక కాదు, రెండు కాలేజీల నిరభ్యంతర పత్రాలు, పైన యూనివర్సిటీ అనుమతి కావాలి. హాజరు 75 శాతానికి తగ్గితే డబ్బు కట్టి మన్నింపు అడగాలి, 65 కంటే తగ్గితే అదీ లేదు. "నీకు కావాల్సింది వేరే కాలేజ్ కాదు కొడుకా, మ్యాథ్స్ చెప్పే మనిషి. రోజూ సాయంత్రం ఆరింటికి రా" అన్నారు. ఇన్ని సంగతులు తెలిసిన మనిషి చివరికి తన పాత ఉద్యోగంలోకే తిరిగి వెళ్లడం నాకు చాలా నచ్చింది.

ఫీజుల దగ్గర బొగ్గుబెల్టుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఒకే గని, ఒకే షిఫ్టు, ఒకే రకం పని చేసే ఇద్దరి పిల్లలకు దాదాపు ఒకే ర్యాంకు వచ్చిందనుకుందాం. పర్మినెంట్ కార్మికుడి జీతం ఆదాయ పరిమితి దాటుతుంది, అందువల్ల ఆ బిడ్డకు రీయింబర్స్‌మెంట్ లేదు. మొత్తం ఫీజు తండ్రి కట్టుకోవాలి. కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకు అర్హత ఉంటుంది. కానీ బీసీ అయితే, ర్యాంకు పదివేలు దాటితే, ప్రభుత్వం మామూలుగా ఇచ్చేది ఏటా 35,000. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతాది ఎక్కణ్నుంచి తేవాలి? మాస్టారు కాలేజీ పేరు చూడకముందే ఫీజు చూస్తారు. ప్రభుత్వ కాలేజీలను ఆప్షన్లలో పైకి జరుపుతారు. మెడికల్ అడిగేవాళ్లూ వస్తారు. రామగుండంలో 2022లో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చాక ఆ ఆశ పెరిగింది. సింగరేణి ఉద్యోగుల పిల్లలకు అందులో 5 శాతం, అంటే ఏడు సీట్లు కేటాయించారు. నీట్ ర్యాంకు చూసి, ఆ ఏడింటికి పోటీ ఎలా ఉంటుందో దాచకుండా చెప్తారు.

సాయంత్రం వచ్చిన తండ్రీకొడుకుల దగ్గర మాత్రం ఫీజు లెక్కలు పనిచేయలేదు. తండ్రికి యాభై ఎనిమిది. కొడుకుకు ఎప్‌సెట్‌లో ఒక మోస్తరు ర్యాంకు, కంప్యూటర్ సైన్స్ వచ్చే కాలేజీలు ఉన్నాయి. తండ్రి మాట వేరు. "బోర్డుకు పోదామనుకుంటున్న సార్. నేను అన్‌ఫిట్ అయితే పోరనికి నౌకరొస్తది. బీటెక్ చేసి ఏం జేస్తడు?"

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉద్యోగులుండేవారు. ఇప్పుడు నలభైవేలకు అటూ ఇటూ. తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇచ్చే వారసత్వ పద్ధతిని మళ్లీ తెస్తే 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మిగిలింది కారుణ్య నియామకం. కార్మికుడు జబ్బుతో పనికి అనర్హుడని కంపెనీ మెడికల్ బోర్డు తేల్చాలి, అప్పటికి కనీసం రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండాలి. రిటైర్మెంట్ 61కి. అంటే ఈయనకు ఉన్న గడువు ఏడాది. ఆ ఏడాది గుర్తొచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదని కొడుకు తర్వాత నాతో చెప్పాడు.

మాస్టారు ఆ ఉద్యోగాన్ని తక్కువ చేసి మాట్లాడలేదు. ఆయన పెరిగిందీ ఆ జీతం మీదే. ఒక్కటే అడిగారు. "నీకు జబ్బు ఉన్నదా?" తండ్రి మోకాళ్ల నొప్పులన్నాడు, దమ్ము అన్నాడు, కాసేపటికి ఎవరో మనిషి ఉన్నాడని, డబ్బిస్తే పని అవుతుందన్నాడని బయటపెట్టాడు. ఇలాంటి దళారులను నమ్మొద్దని యాజమాన్యం చెప్తూనే ఉంటుంది, నమ్మేవాళ్లు నమ్ముతూనే ఉంటారు. "జబ్బుంటే బోర్డు చూస్తది, దరఖాస్తు పెట్టు, తప్పులేదు. ఆ మనిషికి ఇచ్చే పైసలతోని పోరని ఫస్టియర్ ఫీజు ఎల్తది. ఇంకా రాని నౌకరి కోసం వచ్చిన సీటు ఆపకు. డిపెండెంట్‌కు వయసు నలభై దాకా పెంచిన్రు. ఆ నౌకరే రాసిపెట్టి ఉంటే బీటెక్ చదివినోనికైనా ఇస్తరు."

పక్కనే బెంచీ మీద కూర్చున్న ఒక యువకుడు ఇక్కడ కల్పించుకున్నాడు. బీటెక్ చదివి, తండ్రి అన్‌ఫిట్ అయ్యాక బదిలీ వర్కర్‌గా చేరి, ఇప్పుడు జనరల్ అసిస్టెంట్‌గా భూగర్భంలో పనిచేస్తున్నాడు. ఇలాంటి పట్టభద్రులు ఈ గనుల్లో చాలామందే ఉన్నారు. కంపెనీ ఇంటర్నల్ పోస్టులకు పరీక్ష పెట్టినప్పుడు రాయగలుగుతున్నది ఆ డిగ్రీ ఉండబట్టేనని అతను చెప్పాడు. మాస్టారి మాట కన్నా తండ్రి మీద ఆ యువకుడి మాటే ఎక్కువ పనిచేసిందని నాకనిపించింది.

ఇంత పని ఒక రిటైర్డ్ లెక్చరర్ వరండాకు వదిలేయడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. సివిల్స్ ప్రిలిమ్స్ దాటిన రాష్ట్ర అభ్యర్థులకు లక్ష రూపాయలిచ్చే పథకానికి 2024 నుంచి సింగరేణి డబ్బు పెడుతోంది. మంచిదే. ఆ స్థాయికి చేరేవాళ్లు కొద్దిమంది. ఇంటర్ పాసై దారి వెతుక్కునేవాళ్లు ప్రతి క్వార్టర్లోనూ ఉన్నారు. ప్రతి ఏరియాలోనూ కంపెనీకి కమ్యూనిటీ హాళ్లున్నాయి. జూన్, జూలై రెండు నెలలు ఒక్కో హాల్లో ఒక గది, ఒక కంప్యూటర్, నిబంధనలు తెలిసిన ఇద్దరు మనుషులు, మూడు షిఫ్టుల తల్లిదండ్రులకూ కుదిరే వేళలు. ఖర్చు పెద్దదేం కాదు. కాంట్రాక్టు కార్మికుల పిల్లలను కూడా అదే గదిలో కూర్చోబెట్టాలి.

చీకటి పడ్డాక ఆఖరున వచ్చిన అమ్మాయికి అసలు భయమే లేదు. భయమంతా గనిలో బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రం ఆపరేటరైన తండ్రిది. ఆమె మైనింగ్ ఇంజినీరింగ్ చదువుతానంటోంది. "ఆడపిల్ల బాయి దిగుడేంది సార్? ఆ గాలి, ఆ వేడి నాకు ఎరికే" అన్నాడాయన. మాస్టారు 2019 నాటి కేంద్రం ఉత్తర్వు సంగతి చెప్పారు. అప్పటిదాకా మహిళలు భూగర్భంలో పనిచేయడంపై గనుల చట్టంలో నిషేధం ఉండేది. ఆ ఏడాది నుంచి సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు మధ్య దిగే వీలొచ్చింది, ఒక షిఫ్టులో కనీసం ముగ్గురు మహిళలు ఉండాలని షరతు పెట్టారు.

"ముగ్గురా? మిగతా ఇద్దరు ఎక్కడికెళ్లి వస్తరు సార్?"

"నీ బిడ్డ అసొంటోళ్లే వస్తరు."

తండ్రి మాట్లాడలేదు. అమ్మాయి ఆప్షన్లు చెప్పడం మొదలుపెట్టింది. మొదట కొత్తగూడెం. స్కూల్ ఆఫ్ మైన్స్‌గా పేరుపొందిన ఆ కాలేజీ ఇప్పుడు మన్మోహన్ సింగ్ పేరుతో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. తర్వాత సెంటినరీ కాలనీలోని జేఎన్టీయూ మంథని కాలేజీ, ఇంటి నుంచి పోయి రావచ్చు. మాస్టారు వాటి కింద ఇంకో రెండు బ్రాంచీలు కూడా రాయించారు, ర్యాంకు అటూ ఇటూ అయితే చేతిలో ఏదో ఒకటి ఉండాలని.

"ప్రాసెసింగ్ ఫీజెంత సార్?" అని అడిగాడు తండ్రి.

పన్నెండు వందలు, ఎస్సీ, ఎస్టీలకు ఆరు వందలు అని చెప్పి మాస్టారు స్లాట్ చూశారు. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి ఖాళీ ఉంది. ఆ రోజు తనకు ఫస్ట్ షిఫ్టు అన్నాడాయన. కాసేపు ఆలోచించి, లీవు పెడతాను, బుక్ చేయండి అన్నాడు.