మడమ వెనక గడ్డ

ఒట్టావాలో స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులు చాలామంది స్కేటింగు జోలికి వెళ్ళేది పిల్లల వల్లే. నేనూ అంతే. చలి సరిగ్గా పడిన ఏడాది జనవరిలో ఇక్కడి రిడో కాలువ గడ్డకడుతుంది. 7.8 కిలోమీటర్ల పొడవునా జనం దాని మీద స్కేట్లు వేసుకుని తిరుగుతారు. మా బాబు ముందుకు దూసుకుపోతుంటే గట్టు మీద నిలబడి చేతులు ఊపడం నాకు చాల్లేదు. నలభై దాటాక పెద్దవాళ్ళ క్లాసులో చేరి, ఫిగర్ స్కేటింగు బూట్లు కొన్నాను.

ఆ బూటు మామూలు బూటులా వంగదు. చీలమండ పక్కకి ఒరగకుండా పట్టుకోవాలంటే అది గట్టిగానే ఉండాలి. మడమ వెనక భాగం మరీ గట్టి. మన మడమ ఎముక ఆకారం దానికి సరిపడితే ఏ ఇబ్బందీ లేదు. సరిపడకపోతే వేసే ప్రతి అడుగుకీ ఎముక ఆ గోడకి రాసుకుంటుంది.

నవంబరులో ఎర్రగా కమిలింది. అలవాటయ్యేదాకా అంతేనని క్లాసులో అందరూ అన్నారు. డిసెంబరుకి కుడి మడమ వెనక, కాస్త బయటివైపుగా, ఉసిరికాయంత గడ్డ లేచింది. తాకితే వెచ్చగా ఉండేది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. నేను డేకేర్‌లో పనిచేస్తాను. రెండేళ్ళ పిల్లల వెనక రోజంతా పరుగెత్తాలి. కుంటుతున్నానని తెలిస్తే గంటలు తగ్గిస్తారని భయం. సూపర్‌వైజర్ ఎదురుగా ఉన్నంతసేపూ మామూలుగా నడిచి, బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

అన్నిటికన్నా కష్టం బయటికి వెళ్ళడం. ఇంట్లోనైతే వెనక పట్టీ లేని హవాయి చెప్పులతో గడిచిపోయేది. బయట మైనస్ ఇరవై. మంచు బూట్లు వేసుకోక తప్పదు. అవీ సరిగ్గా అక్కడే నొక్కేవి. మా ఆయన ఉద్యోగం టొరంటోలో, శనాదివారాలే ఇంటికి వస్తారు. మిగతా రోజుల్లో నా కుడి బూటు తొడిగింది మా బాబే. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాడు నేల మీద కూర్చుని నా కాలు పట్టుకుంటే సిగ్గుతో చితికిపోయేదాన్ని.

జనవరిలో ఒక రాత్రి మెట్లు దిగుతుంటే మడమలో టప్పుమని శబ్దం వినిపించింది. నొప్పి పిక్క దాకా పాకింది. అకిలిస్ టెండన్ తెగిపోయిందనుకున్నాను. పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపేది అదే. తెగితే మునివేళ్ళ మీద లేవలేం, నెలల తరబడి కట్టు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఊపిరి అందలేదు. బాబే పక్కింటికి పరుగెత్తి శ్రీకాకుళం అక్కని పిలుచుకొచ్చాడు. "ఏం కాదు చెల్లీ, లే" అని ఆవిడ నన్ను భుజానికి ఆనించుకుని కారెక్కించింది. మంచు కురుస్తుండగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి, తెల్లారేదాకా నా పక్కనే కూర్చుంది. వాళ్ళాయన మా బాబుని తమ ఇంట్లో పడుకోబెట్టుకున్నారు.

డాక్టరు నన్ను బోర్లా పడుకోమని, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా సర్ది, పిక్కని పిడికిట్లో పట్టి నొక్కింది. పాదం కదిలింది. టెండన్ తెగితే అలా కదలదట. నాకోసం మరోసారి నొక్కి చూపించింది. ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అని కూడా అడిగింది. నేను వాడలేదు. కానీ ఇండియా నుంచి తెచ్చిన ఆ మాత్రలు మా మందుల డబ్బాలో ఉన్నాయి. ఆ కుటుంబానికి చెందిన మందులతో టెండన్ తెగే ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే హెచ్చరిక పెట్టించింది. మన ఊళ్ళలో చీటీ లేకుండా కొనుక్కునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ అయ్యాక సంగతి తేలింది. నా మడమ ఎముక వెనక పైఅంచు పుట్టుకతోనే కాస్త ఎత్తు. ప్యాట్రిక్ హగ్లండ్ అనే స్వీడన్ డాక్టరు 1920లలో దీని గురించి రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ ఎముకకీ టెండన్‌కీ మధ్య రాపిడి తగలకుండా బర్సా అనే చిన్న నీటితిత్తి ఉంటుంది. బూటు నొక్కి నొక్కి ఆ తిత్తి వాచింది. టెండన్ ఎముకకి అతుక్కునే చోటు కూడా దెబ్బతింది. ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తీసేయమని బతిమాలాను. అకిలిస్ దగ్గర స్టీరాయిడ్ ఇస్తే టెండన్ బలహీనపడి తెగొచ్చని డాక్టరు ఒప్పుకోలేదు. ఆపరేషన్ చివరి మాట, అదీ నెలల తరబడి మిగతావన్నీ చేసి చూశాకే అంది. అప్పుడు ఆవిడ మీద కోపం వచ్చింది. ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను.

ఫిబ్రవరి అంతా స్కేటింగు బంద్. పూటపూటకీ గుడ్డలో చుట్టిన ఐసు. రెండు చెప్పుల్లోనూ మడమ కింద ఎత్తు మెత్తలు. నొప్పి ఒక కాలికే అయినా రెండింటిలోనూ పెట్టమన్నారు, లేకపోతే నడుము నొప్పి మొదలవుతుంది. పాత బూట్ల జతకి మడమ వెనక భాగం కత్తెరతో కోసేసి డేకేర్‌లో అవే వేసుకున్నాను. చివరికి సూపర్‌వైజర్‌కి నిజం చెప్పాను. ఆవిడ నన్ను కూర్చుని చేసే పనికి మార్చింది. గంటలు తగ్గించలేదు.

ఫోన్‌లో మా అమ్మ ఆముదం రాసి గట్టిగా మర్దన చెయ్యమంది. ఫిజియోథెరపిస్టు ఆ గడ్డని అసలు నొక్కొద్దంది. గోడకి చేతులానించి పిక్క సాగదీసే వ్యాయామం కూడా మాన్పించింది. అలా సాగదీస్తే టెండన్ పోయి అదే ఎముకకి ఒత్తుకుంటుందట. దాని బదులు స్వీడన్‌కి చెందిన ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రకటించిన వ్యాయామం నేర్పింది. మంచి కాలి సాయంతో మునివేళ్ళ మీదికి లేవాలి, నొప్పి ఉన్న కాలి మీద నెమ్మదిగా దిగాలి. పదిహేను చొప్పున మూడుసార్లు, రోజుకి రెండు పూటలు, పన్నెండు వారాలు. అసలు పద్ధతిలో మెట్టు అంచున నిలబడి మడమని కిందికి జార్చాలి. నాలాగా నొప్పి సరిగ్గా ఎముక దగ్గరే ఉన్నవాళ్ళు మాత్రం నేల దాకే ఆగాలి. మొదటి వారాల్లో ఏ మార్పూ లేదు. ఇక జన్మంతా ఇంతేనేమోనని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. వేసవి మొదలయ్యాక ఒక రోజు మెట్లు దిగి, వంటింట్లోకి వచ్చాక గానీ గమనించలేదు, కమ్మీ పట్టుకోలేదని.

తిరిగి మంచు మీదికి వెళ్ళే ముందు బూట్లు సరిచేసే ఒక పెద్దాయన దగ్గరికి పంపింది ఫిజియోథెరపిస్టే. ఆయన నా మడమ గడ్డ మీద లిప్‌స్టిక్ రాసి, ఉత్తి కాలిని బూటులో పెట్టమన్నాడు. కాలు తీస్తే బూటు లోపల ఎర్ర మచ్చ. ఆ చోటుని వేడి గాలితో మెత్తబరిచి, లోపల గుండు, బయట రింగు ఉన్న పట్టకారుతో బిగించి చల్లారేదాకా ఉంచాడు. అక్కడ బూటు బయటికి ఉబ్బింది. నా ఎముకకి చోటు దొరికింది. నా బరువుకీ, నేను చేసే నేలబారు స్కేటింగుకీ అంత బిరుసు బూటు అక్కర్లేదని కూడా చెప్పాడు. లేసులు కట్టడం నేర్పాడు. ముందు మడమని వెనక్కి తన్ని కూర్చోబెట్టాలి, వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ మడత దగ్గర గట్టిగా, పై కొక్కేల దగ్గర మళ్ళీ కాస్త వదులుగా. మడమ లోపల పైకీ కిందికీ జారకూడదు. సాక్సు ఒకటే, పల్చటిది.

మరుసటి శీతాకాలం కాలువ మీద మా బాబుతో కొంత దూరం వెళ్ళాను. గడ్డ పూర్తిగా పోలేదు. ఎముక ఎముకే కదా. నొప్పి మాత్రం లేదు. మడమకి ఇప్పటికీ జెల్ తొడుగు వేసుకుంటాను. కొంచెం వెచ్చబడినా భయం వేసి ఆ రోజుకి ఆపేస్తాను.

హైదరాబాదులో, విశాఖలో రోలర్ స్కేటింగుకి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకి ఒక మాట. స్కేటింగు బూటు ఎక్కడ వేసుకున్నా గట్టిదే. ఎదిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది కొనకండి, మడమ లోపల జారి రాసుకుంటుంది. ఎనిమిది నుంచి పధ్నాలుగేళ్ళ మధ్య పిల్లలకి మడమ ఎముకలో ఎదిగే భాగం ఇంకా అతుక్కోదు, వాళ్ళ మడమ నొప్పికి కారణం అదీ కావచ్చు, డాక్టరుకి చూపించాలి. క్లాసు అయ్యాక సాక్సులు విప్పించి మడమ వెనక వేలితో తడిమి చూడండి. ఎర్రగా, వెచ్చగా ఉంటే అలవాటవుతుందిలే అనకండి. ముందు ఆ బూటు సరిచేయించండి.