పనిలేని పోగు

రాత్రి పదకొండు. సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో పక్క షెడ్డు సాంచెల చప్పుడు ఆగలేదు. నేనేమో పాత ఈమ్యాక్స్ లిస్ప్ ఫైలు ముందేసుకుని కూర్చున్నా. పైన లెక్సికల్ బైండింగ్ లైను చేర్చగానే కంపైలర్ అందుకుంది: ‘ఈ వేరియబుల్ ఎక్కడా వాడలేదు’.

సరేలే అని పేరు ముందు అండర్‌స్కోర్ తగిలించా. వార్నింగ్ మాయం. దాంతోపాటు ఆ వేరియబుల్‌తో నేను పెట్టిన సెట్టింగూ మాయం!

సంగతేంటంటే, ఆ వేరియబుల్‌ని వాడుకునేది నా ఫైలు కాదు, నేను పిలిచే లైబ్రరీ. దాన్ని ప్రకటించే డెఫ్‌వార్ లైను కూడా అక్కడే ఉంది. కంపైలర్ ఆ లైబ్రరీని చూడలేదు కాబట్టి దీన్ని మామూలు లోకల్ వేరియబుల్ అనుకుంది. 2012లో ఈమ్యాక్స్ 24తో లెక్సికల్ బైండింగ్ వచ్చినప్పటి నుంచీ ఉన్న తంటానే ఇది. మందు ఒక్క లైను: ఫైలు పైన విలువ లేకుండా ఉత్త డెఫ్‌వార్. ‘వాడలేదు’ అనే బదులు ‘నాకు కనబడలేదు’ అంటే సరిపోయేది కదా!

చిన్నప్పుడు సాంచె మీద వదులుగా కనిపించిన పడుగు పోగు తెంపబోతే బాపు చెయ్యి పట్టుకున్నడు: “ఆగురా, ఇటు కనబడకపోతే పనిలేనట్టేనా? అంచుల పూవు దానిదే.”

కంపైలర్‌కి బాపు లేడు, పాపం.