పడిశమే కదా అనుకుంటే...

'పడిశం పది రోగాల పెట్టు' అన్నారు పెద్దలు. అయినా పడిశాన్ని జబ్బుల లెక్కలో వేసేదెవరు? ఇంట్లో ఎవరికైనా ముక్కు దిబ్బడ వేస్తే ఆవిరి పట్టుకోమంటాం. మిరియాల పాలు తాగి పడుకోమంటాం. నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది. తగ్గకపోతే? ఏళ్ల తరబడి వదలకపోతే? కళ్ల కింద, నుదుటి మీద సుత్తితో మోదినట్టు నొప్పి, ముక్కులోంచి చీము, రాత్రిళ్లు ఊపిరాడక జాగారం... పైగా అది యుద్ధభూమి నుంచి వెంట తెచ్చుకున్నదైతే?

అమెరికాలో ఎందరో మాజీ సైనికుల బాధ ఇదే. కాలో చెయ్యో పోతే చూసినవాళ్లకు తెలుస్తుంది. సైనస్ కనపడదు. అందుకే 'ఈ జబ్బు నాకు సైన్యంలోనే వచ్చింది' అని నిరూపించుకోవడానికి వాళ్లు దరఖాస్తు మీద దరఖాస్తు, అప్పీలు మీద అప్పీలు పెట్టుకోవాల్సి వచ్చింది.

పొగలో కాపురం

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల కాలంలో అమెరికా స్థావరాల్లో చెత్తనంతా పెద్దపెద్ద గుంతల్లో పోసి తగలబెట్టేవారు. ప్లాస్టిక్ సీసాలు, రంగు డబ్బాలు, బ్యాటరీలు, ఆస్పత్రి వ్యర్థాలు... ఏవీ మినహాయింపు కాదు. మంట బాగా అంటుకోవడానికి విమాన ఇంధనం పోసేవారు. ఇరాక్‌లోని బలాద్ స్థావరంలో ఆ గుంత దాదాపు 10 ఎకరాలు. ఒక దశలో అక్కడ రోజుకు 100 టన్నులకు పైగా చెత్త కాలింది. సైనికుల తిండీ, నిద్రా, కాపలా అన్నీ ఆ పొగ పక్కనే. దానికి తోడు ఎడారి దుమ్ము.

మన మొహం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయి. వాటినే సైనస్‌లంటారు. లోపలి పొర వాచిందంటే గది ద్వారం మూసుకుపోతుంది. శ్లేష్మం బయటికి పోలేక నిలిచిపోతుంది, ఇన్ఫెక్షన్ చేరుతుంది. 12 వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు.

ఫైలులో లేకపోతే లేనట్టేనా?

వైకల్య భృతి కావాలంటే అక్కడి మాజీ సైనికుల శాఖకు మామూలుగా మూడు విషయాలు చూపాలి. ఇప్పుడు జబ్బు ఉండాలి. ఉద్యోగంలో ఉండగా దానికి మూలమైనదేదో జరిగి ఉండాలి. ఆ రెంటికీ సంబంధం ఉందని తేలాలి. చిక్కంతా రెండూ మూడూ దగ్గరే. తూటాలు పేలుతుంటే 'ముక్కు దిబ్బడేసింది' అంటూ వైద్య శిబిరానికి వెళ్లే సైనికుడెవరు? తోటివాళ్లు నవ్వరూ? ఓ మాత్ర మింగి కాపలాకు వెళ్లిపోతాడు. పదేళ్ల తర్వాత ఫైలు తిరగేసిన అధికారికి ఆ దిబ్బడ గురించి ఒక్క ముక్కా కనపడదు. దరఖాస్తు తిరస్కరణ!

ఆనాటి వైద్య రికార్డు లేదన్న ఒక్క కారణంతో సైనికుడి మాటను కొట్టిపారేయకూడదని అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు 2006లో స్పష్టం చేసింది. సాక్ష్యాలు అటూ ఇటూ సమానంగా తూగితే సందేహ లాభం సైనికుడికే ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మన దగ్గరా ఈ ప్రశ్న వచ్చింది. ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో దాదాపు ఇదే మాట చెప్పింది. సైన్యంలో చేరేటప్పుడు జబ్బున్నట్టు రాసి లేకపోతే అది ఉద్యోగం వల్ల వచ్చిందనే భావించాలనీ, కాదని నిరూపించే భారం సైనికుడిది కాదనీ తీర్పు.

ఓర్చుకుంటే మార్కులు తక్కువ

సంబంధం తేలినా కథ అయిపోదు. వైకల్యం ఎంత శాతం? సైనసైటిస్‌కు అక్కడ ఉన్నవి నాలుగే మెట్లు... 0, 10, 30, 50. ఎక్స్‌రేలో మాత్రమే కనపడితే 0. మంచాన పడేసే విడతలు ఏడాదికి ఒకటో రెండో ఉంటే 10. మూడు, అంతకు మించి ఉంటే 30. ఒక్కో విడతకు 4 నుంచి 6 వారాల పాటు యాంటీబయాటిక్స్ వాడి ఉండాలి. మంచాన పడేయని విడతలైతే 3 నుంచి 6 వరకు 10 శాతం, ఆరు దాటితే 30. పదేపదే ఆపరేషన్లయ్యాక కూడా దాదాపు ఎప్పుడూ వేధిస్తుంటే 50. 2025లో ఒంటరి మాజీ సైనికుడికి 10 శాతానికి నెలకు 175 డాలర్లు, 30 శాతానికి 537 డాలర్లు వచ్చాయి. ఆ తేడాతో ఓ ఇంటి సరుకుల ఖర్చు గడిచిపోతుంది.

'మంచాన పడేసే విడత' అంటే పడకే విశ్రాంతి కావాల్సి రావాలి, డాక్టరు చికిత్సా ఉండాలి. జీతం పోతుందని తలనొప్పితోనే పనికెళ్లినవాడి విడత ఈ లెక్కలోకి రాదు. ఓర్చుకోవడం నేర్పింది సైన్యమే. ఆ ఓర్పే చివరికి అతడి శాతాన్ని తగ్గిస్తుంది!

చట్టం మారింది

2021 ఆగస్టులో పరిస్థితి కొంత మారింది. ఆ ప్రాంతాల్లో పనిచేసినవారికి తిరిగొచ్చిన పదేళ్లలోపు సైనసైటిస్, రినైటిస్, ఉబ్బసం వస్తే, దుమ్మూ పొగా వల్లే వచ్చాయని భావించేలా నిబంధన వచ్చింది. 2022 ఆగస్టు 10న పాక్ట్ చట్టం మీద నాటి అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. పదేళ్ల గడువూ పోయింది. కొసావోలో, ఇరాక్‌లో పనిచేసి 2020లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూసిన సార్జెంట్ హీత్ రాబిన్సన్ పేరు మీద వచ్చిన చట్టమది. అందులోని జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక సైనసైటిస్ కూడా ఉంది. అంతకుముందు కాదనిపించుకున్నవాళ్లు మళ్లీ అడగొచ్చు.

అయితే జబ్బు నిర్ధారణ కావాలి. శాతం దగ్గర పేచీ ఎప్పటిలానే ఉంటుంది. 2019 ఫిబ్రవరి నుంచి అప్పీలుకు మూడు దారులున్నాయి. కొత్త ఆధారంతో మళ్లీ దరఖాస్తు చేయడం, పై అధికారితో అదే ఫైలును మరోసారి చూడమనడం, నేరుగా అప్పీళ్ల బోర్డుకు వెళ్లడం. ఈ చివరి రెంటికీ గడువు ఏడాదే. బోర్డులోనూ ఓడితే 120 రోజుల్లో మాజీ సైనికుల కోసమే ఉన్న ప్రత్యేక కోర్టు తలుపు తట్టొచ్చు.

వంటింటి కాలెండరు

ఇన్ని మెట్లలోనూ అక్కరకొచ్చే సాక్షి ఒకరుంటారు. పక్కబంకరులో పడుకున్న స్నేహితుడు కావచ్చు, పక్కగదిలో నిద్రలేచే భార్య కావచ్చు. వాళ్లు రాసిచ్చే వాంగ్మూలాన్నీ చట్టం ఆధారంగా తీసుకుంటుంది. 'పెళ్లయిన నాటి నుంచి చూస్తున్నాను, ఈ నెలలో ఆరు రోజులు మంచం దిగలేదు' అని భార్య చెబితే దానికి విలువుంటుంది. ఏ తేదీన పడుకున్నారు, ఏ మందు వాడారు, ఎన్నాళ్లు పనికి పోలేదు... ఇవన్నీ ఎప్పటికప్పుడు కాలెండరు మీద రాసిపెట్టుకుంటే మరీ మంచిది.

జబ్బు పేరు చిన్నదే. కానీ దాన్ని మోసిన మనిషి అడిగేది డాలర్లు మాత్రమే కాదు. 'నువ్వు చెప్పేది నిజమే' అన్న ఒక్క మాట. అది కాగితం మీద.